చెరసాల గడపవద్ద

గోలకొండ కోటను చూడబోయినవారు రామదాసు చెరసాలవద్ద ఒక్క క్షణమైనను నిలువక మానరు. భద్రాచలములో రామునకు ఆలయము కట్టించిన కంచెర్ల గోపన్న, పదునేడవ శతాబ్దిలో తానీషా ఏలుబడియందు అచ్చటనే బందీగా ఉండెనని మనవారు చెప్పుకొందురు. ఆయన కీర్తనలలో మొరలు కలవు, నిష్ఠూరములు కలవు. కాని మా మనస్సునకు మిక్కిలి హత్తుకొనునది వేరొకటి. తన మాట స్వామి చెవిని వేయుమని ఆయన సీతమ్మను వేడుకొనెను. చెరలో నున్నవానికి మొట్టమొదట కావలసినది, వెలుపల తన కొరకు ఒక్క మాట చెప్పువారు.

రామదాసుది పండ్రెండేండ్ల చెర యని ప్రతీతి. మేము ముచ్చటింపబోవునది అంత పెద్ద చెర కాదు. మన చిన్న పట్టణములలోని సబ్‌జైలు. విచారణ ముగియనివారిని, కొలది దినముల శిక్ష పడినవారిని ఉంచు చోటది. పూర్వపు మదరాసు రాజధానిలో ఇట్టివి తరచుగా తాలూకా కచేరీల ఆవరణలోనే ఉండెడివి. పనులమీద వచ్చిన రైతులు ఒక ప్రక్క, ఊచల వెనుక మనుష్యులు ఒక ప్రక్క. బందీని చూడవచ్చినవారు పదిమంది కంట పడక తప్పెడిది కాదు. ములాఖత్తునకు పోవుట నామోషీ యను తలంపు మన కుటుంబములలో వేళ్లు తన్నుకొనుటకు ఇదియు నొక కారణము కావచ్చును.

ప్రభుత్వపు చూపు సయితము మొదట కఠినముగనే ఉండెను. 1835లో మెకాలే సూచింపగా ఏర్పడిన కారాగార సంఘము 1838లో నివేదిక సమర్పించెను. ఖైదీని గట్టి క్రమశిక్షణలో ఉంచవలె నన్నదే దాని ధోరణి. అయినను 1894లో వచ్చిన కారాగార చట్టము ఒక తలుపు తెరచియుంచెను. శిక్ష పడనివాడు తన యింటినుండి అన్నము, బట్టలు, పడక తెప్పించుకొనవచ్చునని దాని 31వ సెక్షను చెప్పెను. అతడు చూడగోరినవారిని తగిన వేళలలో లోనికి రానీయవలెనని, వకీలుతో మాటలాడునప్పుడు సాధ్యమైనంతవరకు ఇతరు లెవ్వరును దగ్గర ఉండరాదని 40వ సెక్షను చెప్పెను. నిషిద్ధ వస్తువులను దొంగచాటుగ చేరవేయువారికి 42వ సెక్షను ఆరు నెలల వరకు ఖైదు విధించెను. తలుపును తెరచినది, కాపలాను పెట్టినది ఆ చట్టమే.

అప్పు తీర్చలేక సివిలు జైలుకు పోయినవారి సంగతి మరియు వింతయైనది. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము, పట్టించిన ఋణదాతయే అతని భోజనపు ఖర్చు భరింపవలెను. అది కట్టుట మానెనా, ఋణగ్రస్తుని విడిచిపెట్టవలసినదే.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. జైలునకు పోవుట గౌరవ మయ్యెను. దేశభక్తుని తల్లి తల యెత్తుకొని జైలు గడప యెక్కెను. కాని దొంగతనపు అనుమానముపై పట్టుబడిన కూలివాని తల్లికి ఆ గౌరవము దక్కలేదు. ఆమె కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొనియే పోయెను. నేరము రుజువగువరకు వారి కుమారు లిరువురును నిర్దోషులే కదా!

స్వతంత్ర భారత రాజ్యాంగములోని 22వ అధికరణము, పట్టుబడినవానికి కారణము తెలుపవలెనని, తాను కోరిన న్యాయవాదిని సంప్రదింపనీయవలెనని, ప్రయాణకాలము మినహా 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని శాసించుచున్నది. ఐనను కాగితముమీది హక్కు తనంతట తాను నడచిరాదు. 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు సుప్రీంకోర్టు ముందునకు వచ్చినప్పుడు, బీహారు జైళ్లలో కొందరు తమ నేరమునకు పడదగిన గరిష్ఠ శిక్షకంటె ఎక్కువకాలము విచారణ లేకయే పడియుండిరని లోకమునకు తెలిసెను. వారిలో పెక్కురు బీదలు. జామీను చెల్లింపలేనివారు, తమ పక్షమున అడుగు దిక్కు లేనివారు. 1981లో ఫ్రాన్సిస్ కోరలీ ములిన్ కేసులో, కుటుంబమును, స్నేహితులను కలిసికొనుట జీవించు హక్కులోని భాగమేయని ఆ న్యాయస్థానమే తీర్పు చెప్పెను.

1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము నిర్బంధములో నున్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచితముగ న్యాయవాది లభించును. 15100 అను ఫోను నంబరున సలహా యడుగవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత, మరణశిక్షగాని యావజ్జీవ ఖైదుగాని పడదగని నేరములలో, మొదటిసారి నిందితుడైనవాడు గరిష్ఠ శిక్షలో మూడవవంతు కాలము గడిపినచో, సాధారణముగ బెయిలునకు అర్హుడని చెప్పుచున్నది. ఆ దినములను లోపలివాడు లెక్కింపలేకపోవచ్చును. వెలుపల నొకరు లెక్కింపవలెను.

కావున మన బంధువో, పొరుగువాడో, పనివాడో అట్టి చోట చిక్కుకొన్నచో సిగ్గుపడి ఇంట కూర్చుండదగదు. ములాఖత్తు వేళ లెవ్వియో, గుర్తింపునకు ఏ కాగితము కావలెనో, ఏ వస్తువు లీయవచ్చునో ముందుగ గేటువద్ద అడిగి తెలిసికొనవలెను. కేసు నంబరు, తదుపరి వాయిదా తేదీ వ్రాసికొనవలెను. చూచినప్పుడు తప్పొప్పుల విచారణ మనకేల? అది న్యాయాధిపతి పని. ఇంట అందరును క్షేమమని, వకీలును చూచుచున్నామని, మరల వత్తుమని చెప్పిన చాలును.

మరల వత్తుమన్న మాట నిలుపుకొనుట మాత్రము మరువరాదు.