రంగును నాటే శస్త్రచికిత్స

బొల్లికి బావంచాలు నూరి పూసి ఎండ చూపించడం మన పాత వైద్యం. తమిళనాడులోని ధర్మపురి ప్రాంతంలో ఆ గింజల్నే కార్పోకరిసి అంటారు. తర్వాత వచ్చిన సోరాలిన్ మందులదీ అదే దారి: వెంట్రుక కుదుళ్లలో మిగిలిన రంగు కణాలను ఎండ సాయంతో లేపడం. మచ్చ మీద వెంట్రుకలు కూడా తెల్లబడితే, లేదా మచ్చ పెదవి మీదో వేలికొసనో ఉంటే, లేపడానికి కణాలే ఉండవు. అక్కడ రంగును నాటాల్సిందే.

మన దేశంలో ఆ పనికి తొలి బాట వేసినవారిలో ఢిల్లీ వైద్యుడు పి.ఎన్. బెహల్ ఒకరు. గాయాలు కప్పడానికి జర్మన్ సర్జన్ థియర్ష్ 1874లో వాడిన పలుచని చర్మపు పొరల పద్ధతిని ఆయన 1964లో బొల్లికి మళ్లించారు. రోగి సొంత చర్మంతో చేసిన 107 కేసుల ఫలితాలు 1973లో అచ్చయ్యాయి.

ఆ 1964లోనే ఫిన్లాండ్‌లో కీస్తాలా, ముస్తకాల్లియో చర్మాన్ని పీల్చి బొబ్బ లేపే పరికరాన్ని వర్ణించారు. కొలంబియాకు చెందిన ఫలబెల్లా 1971లో ఆ బొబ్బ పైపొరను తెల్లమచ్చ మీద పరిచారు. ఆ పరికరం మన ఆసుపత్రులకు ఎక్కడిది? 1999లో భారతీయ వైద్యులు మామూలు సిరంజిలు, త్రీవే కనెక్టర్లతోనే పని కానిచ్చారు. సిరంజి గొట్టాన్ని తొడ మీద ఆనించి గాలి లాగితే కొన్ని గంటల్లో బొబ్బ లేస్తుంది. దాని పైపొర తీసి, గీరి సిద్ధం చేసిన మచ్చ మీద అతికిస్తారు. తొడ మీద సాధారణంగా గాయపు గుర్తు కూడా మిగలదు. ఈ చరిత్రలో అన్నిటికన్నా గొప్ప మలుపు ఈ సిరంజి ఉపాయమే అనిపిస్తుంది.

అదే ఏడాది కోల్‌కతా నుంచి మలాకర్, ధర్ వెయ్యిమంది రోగుల మీద పంచ్ గ్రాఫ్టింగ్ (చిన్న చిన్న చర్మపు ముక్కలు నాటడం) ఫలితాలు ప్రకటించారు. చౌకైన పద్ధతే, కానీ నాటిన చోట చర్మం గతుకులుగా మిగలొచ్చు.

కణాలను విడదీసి ద్రవంగా పూసే పద్ధతిని 1992లో ఫ్రాన్స్‌లో గోతియే బృందం చూపించింది. కొద్దిపాటి చర్మంతో అంతకు ఎన్నో రెట్ల మచ్చ కప్పవచ్చు. దాన్ని 2014లో చండీగఢ్ పీజీఐ వైద్యులు తక్కువ ఖర్చుకు దించారు.

ఏ పద్ధతికైనా షరతు ఒకటే: మచ్చ నిలకడగా ఉండాలి. పాకుతున్న బొల్లిలో కత్తి గాటే కొత్త మచ్చ కావచ్చు. అందుకే 2008 నాటి భారత చర్మవైద్యుల మార్గదర్శకాలు కనీసం ఏడాది నిలకడ అడిగాయి.

ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైందీ 2008లోనే. పంచ్, సిరంజి పద్ధతులకు స్థానిక మత్తు చాలు, పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. అలాంటి జిల్లా ఆసుపత్రులకు తగిన పనులివి. కట్టు విప్పాక రంగు పాకడానికి నెలలు పడుతుంది. చాలామందికి ఆ నెలల్లో వారానికి రెండు మూడుసార్లు కాంతి చికిత్స కావాలి. దానికోసం ధర్మపురి నుంచి బెంగళూరో సేలమో పోవాలంటే కూలీ మనిషికి ప్రతిసారీ ఒక రోజు సంపాదన పోతుంది.