హంటింగ్‌డన్ బంగళా

హంటింగ్‌డన్ బంగళా: ఆఫ్రికా ఖండపు ఆగ్నేయభాగమందలి మలావీ దేశమున, బ్లాంటైర్ నగరమునకు దక్షిణముగా థ్యోలో కొండలలో వ్యాపించిన సాటెమ్వా తేయాకు తోట నడుమ, 1928లో తోట యజమాని నివాసముగా నిర్మింపబడి, నేడు యాత్రికుల కాతిథ్యమిచ్చుచున్న అయిదు గదుల పాతకాలపు గృహము. ఈ యింటి కథ తేయాకు కథలో నొక పాయ గనుక, ముందుగా మొక్క సంగతి చెప్పవలసియున్నది.

1878లో స్కాట్లండు మతప్రచారక సంఘపు తోటమాలి జోనాథన్ డంకన్ ఎడింబరో వృక్షోద్యానము నుండి బ్లాంటైరునకు కాఫీ, తేయాకు మొక్కలను కొనివచ్చెను. కాఫీ నిలిచినది, తేయాకు నిలువలేదు. 1880ల నడుమ మరల ప్రయత్నింపగా బ్రతికిన కొలది మొక్కలును మిషను తోటకు అలంకారములై యుండగా, సింహళమున కాఫీ తోటలు ఆకుతెగులుచే నాశనమైన వైనమును కన్నులార చూచిన హెన్రీ బ్రౌను అను తోటదొర, ఒక్క పైరును నమ్ముకొన్నవాని గతి యెరిగినవాడు గనుక, 1891లో ఆ మిషను మొక్కల విత్తనములను సంపాదించి ములాంజే పర్వతపాదమున నాటించెను. ఇరువదవ శతాబ్ది తొలియేండ్లలో న్యాసాలాండు (మలావీ పూర్వనామము) కాఫీ యనావృష్టిచేతను ధరలు పడిపోవుటచేతను క్షీణింపగా, బ్రౌను ముందుచూపు ఫలించి, తేయాకు ములాంజే నుండి థ్యోలోకు ప్రాకెను.

ఆఫ్రికాలో తేయాకు ప్రయత్నము లింకను గలవు. దక్షిణాఫ్రికాలోని నేటాలులో లీజ్ హ్యూలెట్ కీర్స్‌నీ తోటను పెంచినప్పుడు ఆకు కోసినది భారతదేశము నుండి ఒడంబడికపై వెళ్లిన కూలీలు. మదరాసు రేవునుండి నేటాలునకు వెళ్లిన ఓడలలో విశాఖపట్టణము, గంజాము ప్రాంతముల తెలుగువారు అనేకు లుండిరి. 1911లో ఆ వలస నిలిపివేయబడిన పిమ్మట నేటాలు తేయాకు కోలుకొనలేదు. న్యాసాలాండు తోటలు మాత్రము ఆఫ్రికనుల శ్రమపైననే నిలిచినవి. ఆ నిలుకడ వెనుక నున్న ఏర్పాటును ముందు చెప్పెదము.

సాటెమ్వా తోటను స్థాపించిన మెక్లీన్ కే స్కాట్లండు దేశీయుడు. మలయాలో రబ్బరు తోటల పని నేర్చి, 1920ల తొలియేండ్లలో న్యాసాలాండునకు వచ్చి, 1923లో ఈ భూమిని కొనెను. అయిదేండ్లకు లేచిన బంగళా ఆకాలపు తోటదొరల యిండ్ల రీతిదే: విశాలమైన వసారా, పచ్చికబయలు, దానికావల కనుచూపుమేర తేయాకు. ఇరుగుపొరుగు తోటలు దూరముగా నుండి, వానకాలమున బాటలు బురదయగు ఆ సీమలో, వచ్చిన దొర రాత్రికి నిలిచిపోవుట మర్యాదకంటె అవసరమే యని చెప్పవచ్చును. కావున అతిథిసత్కారము ఈ గృహమునకు పిదప అంటగట్టిన వ్యాపారము కాదు. అప్పటి కుటుంబజీవనపు గుర్తులు గదుల పేళ్లయందే నిలిచినవి: తల్లి గది, తండ్రి గది, తోటదొర గది, పిల్లల గది, ప్రార్థనాగది.

వసారానుండి కనబడని చరిత్రయు కలదు; పైన సూచించిన ఏర్పాటే అది. తెల్లవారి స్వాధీనమైన భూములపై కాపురమున్న ఆఫ్రికనులు అద్దెకు బదులుగా తోటపని చేయవలెనను ‘తంగాట’ యను పద్ధతి ఈ దేశపు దక్షిణభాగమున మంటలు రేపినది. 1915లో జాన్ చిలెంబ్వే నాయకత్వమున జరిగిన తిరుగుబాటునకు అది యొక ముఖ్యకారణము. 1953లో చెలరేగిన అల్లర్లు థ్యోలో జిల్లాలోనే పుట్టినవి. 1964లో మలావీ స్వతంత్రమగునాటికి తంగాట గతించినను, భూమి కొరత మాత్రము నేటికిని తీరలేదు. ఆకుపచ్చని తోటల అంచునుండియే చిన్నకారు రైతుల మొక్కజొన్నమళ్లు క్రిక్కిరిసి మొదలగుట ఆ దారిని పోవువారెవరైనను చూడగలరు. బంగళా సౌందర్యమును మాత్రమే వర్ణించి దీనిని విడిచిన యాత్రావర్ణన అసమగ్రమనియే చెప్పవలెను.

తోట యిప్పటికిని కే వంశీయుల యధీనముననే యున్నది. మలావీ తేయాకులో నధికభాగము యంత్రములచే నలిగి, చిన్న పలుకులై, విదేశములందు ఇతర తేయాకులతో కలిసి, మంచి యెరుపు రంగునకు ప్రసిద్ధి గాంచినను, తన పేరు మాత్రము పోగొట్టుకొనును. సాటెమ్వావారు ఈ యనామకత్వమునకు లోబడక, చేతితో చేయు తెల్లతేయాకు, పచ్చతేయాకు మొదలగు రకములను, లేత కాడలతోనే చేయు నొక వింతరకమును, తమ పేరనే అమ్ముచున్నారు. బంగళాలో దిగినవారికి కర్మాగారమున ఆకు వాడబెట్టుట, నలుపుట, పులియబెట్టుట, ఆరబెట్టుట చూపి, వరుసగా పేర్చిన గిన్నెలలో నొక్కొక్క రకమును రుచి చూపుదురు.

బస చేయ దలచినవారు ఋతువు నెరిగి పోవుట మేలు. మే మొదలు ఆగస్టువరకు చలిగా నుండి, మొజాంబిక్ వైపునుండి వచ్చు ‘చిపెరోని’ మంచుజల్లు దినముల తరబడి కొండలను కప్పివేయును. సెప్టెంబరు, అక్టోబరు మాసములు పొడిగా, ప్రయాణమునకు సుకరముగా నుండును గాని, అప్పుడు చిగురు తక్కువ. డిసెంబరు నుండి ఏప్రిలువరకు వానలతోపాటు చిగురు ముంచెత్తును; ఆ దినములలో బాటలు బురదయైనను, కర్మాగారము మాత్రము పూర్తిగా పనిలో నుండును.