పాస్కలా? సీనా?

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగితే, నా వృత్తికి సంబంధించిన ఒక చిన్న చరిత్ర చెబుదామనిపించింది. జవాబు సరిగ్గా వచ్చినా పక్కన సెంటీమీటర్లో, కిలోలో రాయకపోతే మన లెక్కల మాస్టారు అర మార్కు కోసేవారు, గుర్తుందా? ఆ అర మార్కు విలువ నాకు కంప్యూటర్ల దగ్గరికి వెళ్ళాకే తెలిసింది.

జ్యూరిక్‌లోని ఈటీహెచ్‌లో పనిచేసిన నిక్లౌస్ విర్త్ 1970లో పాస్కల్ భాషను ప్రకటించారు. విద్యార్థులకు ప్రోగ్రాములు క్రమపద్ధతిలో రాయడం నేర్పాలన్నది ఆయన ఉద్దేశం. రెండేళ్ళ తేడాతో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సీ భాషను రూపొందించారు. 1973లో యూనిక్స్‌ను అందులోనే తిరగరాశారు.

పూర్ణాంకమా, అక్షరమా అన్నది ప్రోగ్రాము నడవకముందే తేల్చే భాషలే రెండూ. తేడా అంతా పట్టింపులోనే. తొలినాటి పాస్కల్‌లో పది అంకెల పట్టిక, ఇరవై అంకెల పట్టిక వేర్వేరు రకాలు. ఒకదాని కోసం రాసిన ప్రొసీజర్ రెండోదానికి పనికిరాదు. 1981లో బ్రయాన్ కెర్నిహాన్ పాస్కల్ తనకెందుకు నచ్చదో రాస్తూ దీన్నే పెద్ద లోపంగా ఎత్తిచూపారు. సీ అయితే పట్టిక హద్దు దాటినా అడగదు. 1988 నవంబరులో ఇంటర్నెట్‌ను కుదిపేసిన మోరిస్ వర్మ్ దూరిన దారుల్లో ఒకటి ఇదే. సీలో రాసిన ఒక ప్రోగ్రాము, వచ్చే అక్షరాల పొడవు చూడకుండా లోపలికి తీసుకునేది.

నేను చదివింది పాస్కల్. ఉద్యోగంలో జీతాల ప్రోగ్రాముకు ఏదో ఒకటి ఎంచుకోమంటే, వేగం చూసి సీ అన్నాను. ఇరవై మందికి పట్టిక కట్టాను. ఇరవై ఒకటో మనిషి చేరాడు. అతని జీతం పోయి పక్కనున్న మొత్తం మీద పడింది. ప్రోగ్రాము కిక్కురుమనలేదు. కాగితం మీద కూడి తప్పు పట్టింది ఆఫీసు గుమాస్తాగారు. ఆ నెల అందరి జీతాలూ రెండు రోజులు ఆలస్యమయ్యాయి. పాస్కల్‌లో హద్దుల తనిఖీ పెట్టుకొని ఉంటే అక్కడే ఆగేది. కానీ లెక్క తప్పింది నేను, భాష కాదు.

యూనిక్స్‌తో పాటు సీ లోకమంతా పాకింది. డొనాల్డ్ నూత్ పాస్కల్‌లో రాసిన టెక్‌ను సైతం సీలోకి మార్చుకొని వాడుతున్నారు. అయినా విర్త్ పట్టింపు వృథా పోలేదు. తర్వాత వచ్చిన జావా, రస్ట్ పట్టిక హద్దు దాటితే ఊరుకోవు.

ఏ భాష నేర్చుకోవాలని ఇప్పటి పిల్లలు అడిగితే, ముందు పట్టింపు ఉన్నది నేర్చుకోండి అంటాను. ఆ అర మార్కు కోసిన మాస్టారికి నా నమస్సులు.