పని కాగానే రద్దయ్యే కమిటీలు: సియాటిల్ నగర ప్రణాళికల కథ

సియాటిల్ అనగానే మనవాళ్ళకు ముందు వాన గుర్తుకొస్తుంది. ఆ తరువాత బోయింగ్, మైక్రోసాఫ్ట్, అమెజాన్. ఇక్కడే నివసించేవారికైతే ఇంటి ధర, ట్రాఫిక్కు. వారాంతంలో నలుగురు తెలుగువాళ్ళు ఒకచోట భోజనానికి కూర్చుంటే సినిమా కబుర్లు అయ్యేలోగా మాట ఇళ్ళ మీదకు మళ్ళక తప్పదు. ఇంత పెద్ద ఊళ్ళో ఇళ్ళు ఎందుకు చాలవు? రైలు ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చింది? అమ్మానాన్నల కోసం పెరట్లో చిన్న ఇల్లు వేసుకుందామంటే మొన్నమొన్నటి దాకా ఎందుకు కుదరలేదు?

వీటిలో చాలావాటికి జవాబు మేయర్ల పేర్లలో కంటే కొన్ని తాత్కాలిక కమిటీల చరిత్రలో ఎక్కువగా దొరుకుతుంది. ఒక పని కోసం పుట్టి, ఆ పని కాగానే (కొన్నిసార్లు కాకుండానే) రద్దయిపోయిన కమిటీలవి. నగరానికి రాబోయే ఇరవై ఏళ్ళు, ముప్ఫై ఏళ్ళు ఎలా ఉండాలో రాసింది అవే.

మొదటిది 1910 నాటిది. అప్పటికి సియాటిల్ అలాస్కా బంగారం వేటతో బలిసిన ఊరు. జనం వచ్చి పడుతున్నారు, కొండలు తవ్వి చదును చేస్తున్నారు, కానీ ఏ వీధి ఎటు పోవాలో చెప్పే లెక్క లేదు. ఆ ఏడాది ఓటర్లు నగర చార్టర్‌ను సవరించి మున్సిపల్ ప్లాన్స్ కమిషన్ అనే సంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. మొత్తం 21 మంది సభ్యులు. నగరపాలక సంస్థల వాళ్ళు, వ్యాపార సంఘాల వాళ్ళు, వృత్తి సంఘాల వాళ్ళు అందులో ఉన్నారు. వాళ్ళు వర్జిల్ బోగ్ అనే ఇంజనీరును పిలిచి పని అప్పగించారు. ఈయన సామాన్యుడు కాదు. కాస్కేడ్ పర్వతాల మీదుగా రైలు పోవడానికి స్టాంపీడ్ కనుమను 1881లో కనిపెట్టినవాడు.

బోగ్ 1911లో ఇచ్చిన నివేదికను చదివితే ఇవాళ మనకు మతి పోతుంది. ఊరి ఉత్తరాన చదును చేసిన డెన్నీ ప్రాంతంలో ప్రభుత్వ భవనాలన్నీ ఒక్కచోట. సొరంగాలతో కలిపి మైళ్ళకొద్దీ రాపిడ్ ట్రాన్సిట్ రైలు. లేక్ వాషింగ్టన్ అడుగున కిర్క్‌లాండ్ దాకా సొరంగం. అన్నిటికీ మించి, మెర్సర్ ఐలాండ్ మొత్తాన్ని నగరమే కొని పార్కుగా ఉంచాలట! ఇవాళ ఆ ద్వీపంలో ఇల్లు కొనాలంటే మైక్రోసాఫ్ట్‌లో పెద్ద ఉద్యోగం ఉన్నా రెండుసార్లు ఆలోచించాలి. ఆ రోజున అది ఊరందరి తోట కావలసినది.

1912 మార్చి 5న దీన్ని ప్రజల ఓటుకు పెట్టారు. అనుకూలంగా 14 వేల చిల్లర, వ్యతిరేకంగా దాదాపు 25 వేలు. చిత్తుగా ఓడిపోయింది. ఖర్చు ఎక్కువన్నారు. ఊరి నడిబొడ్డు ఉత్తరానికి జరిగితే తమ స్థలాల ధర పడిపోతుందని పాత డౌన్‌టౌన్ స్థలాల యజమానులు భయపడ్డారు. మొత్తం ప్రణాళికను ఒకే మూటగా కట్టి ‘ఔను’ లేదా ‘కాదు’ చెప్పమనడం కూడా దెబ్బ తీసిందని నాకనిపిస్తుంది. పార్కు కావాలనేవాడికి సొరంగం వద్దు, సొరంగం కావాలనేవాడికి కొత్త సివిక్ సెంటర్ వద్దు. ముక్కలుగా అడిగి ఉంటే కొన్నయినా దక్కేవి.

సరిగ్గా ఆ 1912లోనే మన హైదరాబాదులో జరిగింది చూడండి. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకుంది. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారికి కబురు పంపింది. ఆయన అప్పుడు విదేశీ పర్యటనలో ఉన్నారు. తిరిగొచ్చి 1909లో పని మొదలుపెట్టి, మూసీకి, దాని ఉపనది ఈసీకి ఎగువన జలాశయాలు కట్టాలని, ఊళ్ళో మురుగు కాలువలు వేయాలని నివేదిక ఇచ్చారు. 1912లో ఏడవ నిజాం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును నెలకొల్పాడు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఇరుకు బస్తీలు పడగొట్టి కొత్త ఇళ్ళు కట్టారు, రోడ్లు వెడల్పు చేశారు. అక్కడ ఓటూ లేదు, ‘మీకిది ఇష్టమేనా’ అని అడిగినవాడూ లేడు. పని మాత్రం అయింది. ఇక్కడ అందర్నీ అడిగారు, పని కాలేదు. రెండిట్లో ఏది మేలు అంటే తేల్చి చెప్పడం కష్టమే. ఇల్లు పోగొట్టుకున్నవాడిని ఒకరకంగా, మంచినీళ్ళు తాగినవాడిని ఇంకోరకంగా అడగాలి.

సియాటిల్‌కు తిరిగి వద్దాం. 1923లో మొదటి జోనింగ్ చట్టం వచ్చింది. ఎక్కడ ఇళ్ళుండాలి, ఎక్కడ అంగళ్ళుండాలి అని గీతలు గీసింది. ఆ తరువాత నలభై ఏళ్ళ కథ ఎక్కువగా కార్లది, హైవేలది. అది వదిలేద్దాం.

1965 నవంబరులో జేమ్స్ ఎల్లిస్ అనే న్యాయవాది ఒక సభలో మాట్లాడుతూ, పెరుగుతున్న ఈ ప్రాంతానికి ఒక్కో బాగు విడివిడిగా కాక అన్నీ కలిపి తలపెట్టాలన్నాడు. దాని నుంచి ఫార్వర్డ్ థ్రస్ట్ అనే పౌరుల కమిటీ పుట్టింది. సుమారు 200 మంది. ఇది సిటీ కౌన్సిల్ కమిటీ కాదు గానీ దాని ప్రభావం ఏ కౌన్సిల్ కమిటీకీ తీసిపోదు. బోగ్ అనుభవం నుంచి నేర్చుకున్నారో ఏమో, ఈసారి ఒకే మూట కట్టలేదు. 1968 ఫిబ్రవరి 13న 12 ప్రతిపాదనలను విడివిడిగా ఓటుకు పెట్టారు. 7 నెగ్గాయి. పార్కులు, అక్వేరియం, మొన్న 2000లో కూల్చేసిన కింగ్‌డోమ్ స్టేడియం వాటి ఫలితమే.

రైలు మాత్రం ఓడింది. సగానికి పైగా జనం ఔనన్నారు, కానీ అప్పు తెచ్చే బాండ్లకు 60 శాతం కావాలి. 1970లో మళ్ళీ అడిగారు. అప్పటికి బోయింగ్‌లో ఉద్యోగాలు వేలల్లో ఊడిపోతున్నాయి. ఈసారి సగం కూడా రాలేదు. ఈ రైలు కోసం దాచిపెట్టిన కేంద్ర నిధులు అట్లాంటాకు వెళ్ళాయి. అక్కడి మార్టా రైలు దాంతోనే తయారైంది. అట్లాంటా నుంచి ఈ మహాసభలకు వచ్చిన మిత్రులు విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి రైలెక్కినప్పుడల్లా మా సియాటిల్ వాళ్ళను ఒకసారి తలచుకోవాలి. మాకు లైట్ రైలు 2009 జులైలో వచ్చింది. బెల్లెవ్యూ, రెడ్మండ్‌ల మధ్య రైలు నడవడానికి 2024 ఏప్రిల్ దాకా ఆగవలసి వచ్చింది.

అదే 1968లో ఇంకో సంగతి జరిగింది. అప్పటిదాకా సియాటిల్‌లో చాలా పేటల దస్తావేజుల్లోనే ‘తెల్లవారు కానివారికి అమ్మరాదు’ అనే షరతులు ఉండేవి. అందులో నల్లవారితో పాటు ఆసియా వాళ్ళనూ చేర్చిన పేటలు ఎన్నో. జాతిని బట్టి ఇల్లు నిరాకరించకూడదనే ప్రతిపాదనను 1964లో ఓటర్లు రెండింతల మెజారిటీతో తిరస్కరించారు. 1967లో కౌన్సిల్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి సభ్యుడు శామ్ స్మిత్ చొరవతో 1968 ఏప్రిల్‌లో కౌన్సిల్ ఆ చట్టం చేసింది. మనవాళ్ళు ఈ దేశానికి పెద్ద సంఖ్యలో రావడానికి దారి తీసిన 1965 నాటి వలస చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చింది ఆ 1968 జులై 1నే. అంటే మన తొలితరం ఇంజనీర్లు, డాక్టర్లు పెట్టెలు దించుకునే వేళకు ఆ తలుపు తెరిచి కొద్ది నెలలే అయిందన్నమాట. తెరిచినవారు ఎవరో మనలో ఎక్కువమందికి తెలియదు.

1990లో వాషింగ్టన్ రాష్ట్రం గ్రోత్ మేనేజ్‌మెంట్ చట్టం చేసింది. పెరుగుతున్న నగరాలన్నీ ఇరవై ఏళ్ళకు సరిపడా సమగ్ర ప్రణాళిక రాసుకోవాలి, గడువు ప్రకారం దాన్ని తిరగరాసుకోవాలి. ఎన్ని ఇళ్ళు, ఎక్కడ, ఎన్ని అంతస్తులు, నీళ్ళు, మురుగు, రోడ్లు, పార్కులు, అన్నీ అందులో ఉండాలి. మేయర్ నార్మ్ రైస్ కాలంలో 1994లో సియాటిల్ తన ప్రణాళిక రాసుకుంది. కొత్త జనాన్ని కొన్ని ‘అర్బన్ విలేజీ’ల్లో, అంటే అంగళ్ళూ బస్సులూ ఉన్న కూడళ్ళలో సర్దాలి, మిగతా పేటల్ని ముట్టుకోకూడదు, ఇదీ దాని సారం. పేటలవాళ్ళు గోల చేస్తే మీ ప్రణాళిక మీరే రాసుకోండి అన్నారు. 1990ల చివరికి 38 పేట ప్రణాళికలు తయారయ్యాయి. వేలాదిమంది కూర్చుని రాశారు. మంచి పనే. కానీ ఈ సర్దుబాటు వల్ల నగరంలో ఇళ్ళకు కేటాయించిన నేలలో చాలా భాగం ఒక స్థలానికి ఒకే ఇల్లు అనే పాత పద్ధతిలోనే ఉండిపోయింది. ఆ తరువాత అమెజాన్ పెరిగింది, జనం పెరిగారు, గీతలు మాత్రం కదల్లేదు.

కదిలించబోయినవారికి ఏమైందో 2015లో తెలిసింది. మేయర్ ఎడ్ మర్రీ ఇళ్ళ సమస్య మీద 28 మందితో ఒక సలహా కమిటీ వేశాడు. వాళ్ళు 65 సిఫార్సులు చేశారు. అందులో ఒక్క ఇంటి పేటల్లో డూప్లెక్సులు అనుమతించాలనే మాట ముందుగానే పత్రికకెక్కింది. గగ్గోలు పుట్టింది. ఆ నెల తిరక్కముందే మేయర్ ఆ సిఫార్సును వెనక్కి తీసుకున్నాడు.

ఇక్కడే కౌన్సిల్ వాళ్ళు సెలెక్ట్ కమిటీని ముందుకు తెచ్చారు. ఈ మాట మనకు కొత్త కాదు. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనమండలి రాజధానుల బిల్లును సెలెక్ట్ కమిటీకి పంపాలన్నప్పుడు టీవీల్లో అది ఎంత నలిగిందో చూశాం. ఆ రాజకీయం మనకిక్కడ అనవసరం. సియాటిల్‌లో దీని తీరు వేరు. కౌన్సిల్‌లో 9 మంది. 7 గురు ఒక్కో డిస్ట్రిక్టు నుంచి, ఇద్దరు ఊరంతటి నుంచి. మామూలు స్థాయీ సంఘాల్లో కొందరే ఉంటారు. సెలెక్ట్ కమిటీలో తొమ్మిదిమందీ కూర్చుంటారు, ఒక్క విషయమే చూస్తారు, అది తేలాక లేస్తారు.

ఎందుకిలా? ప్రణాళిక ప్రతి డిస్ట్రిక్టునూ తాకుతుంది కాబట్టి అందరూ మొదటినుంచీ వినాలన్నది పైకి చెప్పే కారణం. చెప్పనిది ఇంకొకటుందని నా అనుమానం. తన పేటలో అంతస్తులు పెంచడానికి ఒప్పుకున్న సభ్యుడు ఒంటరిగా తిట్లు తినక్కర్లేదు; తొమ్మిదిమందీ పంచుకుంటారు! ఏదైతేనేం, పని జరిగింది. రాబ్ జాన్సన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ డిస్ట్రిక్టుల్లో సమావేశాలు పెట్టి, ఉద్యోగస్తులు రాగలిగేలా సాయంత్రాలు కూడా విచారణలు జరిపింది. 2019 మార్చి 18న 27 ప్రాంతాల్లో అంతస్తులు పెంచి, అందుకు బదులుగా బిల్డర్లు తక్కువ ఆదాయం వారికి ఇళ్ళు కట్టాలి లేదా డబ్బు చెల్లించాలి అనే చట్టం 9–0తో నెగ్గింది. అదే ఏడాది జులైలో, మైక్ ఓబ్రయన్ అనే సభ్యుడి పట్టుదలతో, ఒక్కో స్థలంలో అసలు ఇంటితో పాటు రెండు చిన్న ఇళ్ళు వేసుకునే వీలు వచ్చింది. ఒక పేట సంఘం అప్పీలుతో అది 2016 నుంచి ఆగిపోయి ఉన్నదే. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు మెట్లెక్కలేక, మనవల గోల మధ్య నిద్ర లేక ఇబ్బందిపడే ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మనకు తెలుసు. వాళ్ళకు పెరట్లో ఒక గది, వంటిల్లు వేసిపెట్టడం ఈ చట్టం తరువాత సులువైంది.

చివరిది అందరికీ గుర్తుండేదే. 2023లో రాష్ట్రమే కలగజేసుకుని, పెద్ద నగరాల్లో ప్రతి నివాస స్థలంలో కనీసం 4 ఇళ్ళు, రైలు వంటి ముఖ్య రవాణాకు దగ్గరైతే 6 అనుమతించాలని చట్టం చేసింది. సమగ్ర ప్రణాళిక తిరగరాయవలసిన గడువూ వచ్చింది. 2025 జనవరిలో కౌన్సిల్ మళ్ళీ సెలెక్ట్ కమిటీ వేసి జాయ్ హాలింగ్స్‌వర్త్‌ను అధ్యక్షురాలిని చేసింది. మేయర్ బ్రూస్ హారెల్ పంపిన ముసాయిదాలో 30 చిన్న కూడళ్ళలో కొత్తగా అపార్టుమెంట్లు అనుమతించాలని ఉంది. ఫిబ్రవరి విచారణకు జనం వందల్లో వచ్చారు, గంటల తరబడి మాట్లాడారు. చెట్లు పోతాయన్నవారు కొందరు, అద్దె కట్టలేక ఊరు విడిచిపోతున్నామన్నవారు కొందరు. మధ్యలో అప్పీళ్ళు పడి పని నిలిచింది. రాష్ట్రం పెట్టిన గడువు దాటకుండా మే నెలలో నాలుగిళ్ళ నియమానికి తాత్కాలిక చట్టం చేసి, సెప్టెంబరులో వందకు పైచిలుకు సవరణలను ముందేసుకుని కూర్చున్నారు.

ఇటువంటి విచారణల్లో మాట్లాడేవారికి దొరికేది నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. ఎవరు వస్తారో ఊహించడం కష్టం కాదు. సొంత ఇల్లున్నవారు, రిటైరైనవారు, తీరిక ఉన్నవారు. మనవాళ్ళు రాకపోవడానికి చాలామంది చెప్పే కారణం ‘మాకు సిటిజన్‌షిప్ లేదు కదండీ’ అని. ఓటుకు అది కావాలి. విచారణలో మాట్లాడడానికి అక్కర్లేదు. హెచ్–1 వీసా మీద ఉన్నవారూ మాట్లాడవచ్చు, గ్రీన్‌కార్డు కోసం పదేళ్ళుగా ఎదురుచూస్తున్నవారూ మాట్లాడవచ్చు, మనవడిని చూడ్డానికి వచ్చిన తాతగారూ మాట్లాడవచ్చు. ఇంటి నుంచి ఫోన్లో చెప్పే వీలుంది, ఈమెయిలు రాసే వీలుంది.

మనవాళ్ళు ఎక్కువగా ఉండే బెల్లెవ్యూ, రెడ్మండ్, సమామిష్, బాతెల్ ఊళ్ళకూ ఇదే రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. వాటి కౌన్సిళ్ళు చిన్నవి, విచారణలకు వచ్చేవారూ తక్కువ. వచ్చిన పదిమంది మాటే ఊరి మాటగా మినిట్స్‌లోకి ఎక్కుతుంది. ఈ ప్రాంతానికి తరువాతి గడువు 2034. మొన్నటి 2024 గడువు కోసం సియాటిల్ 2022లోనే పని మొదలుపెట్టింది.