నలభై పీపాల వ్యాజ్యము

న్యాయస్థానములలో మనుష్యులే ప్రతివాదులుగా నిలుతురని మనము సాధారణముగా అనుకొందుము. కాని 1909 అక్టోబరులో అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆరంభమైన ఒక వ్యాజ్యమునకు ప్రతివాదులు 40 పెద్ద పీపాలు, 20 చిన్న పీపాలు. వాటిలో నిండియున్నది కోకాకోలా పాకము. అట్లాంటా నగరములోని కర్మాగారము నుండి టెన్నెసీ రాష్ట్రములోని చటనూగా పట్టణమునకు చేరిన ఆ సరకును ప్రభుత్వాధికారులు పట్టుకొన్నారు. కల్తీ సరకు మీదనే దావా వేయుటకు అచ్చటి చట్టము అవకాశమిచ్చుచున్నది గనుక, ఆ పీపాల పేరనే వ్యాజ్యము నడచినది. న్యాయగ్రంథములలో నేటికిని అది ఆ పేరుతోనే కనిపించును. ఆ పీపాల మీద మోపిన అభియోగములలో ముఖ్యమైనది, అందులో కెఫీన్ అను హానికర పదార్థమును చేర్చినారన్నది.

ఈ పాత తగాదాను ఇప్పుడు జ్ఞాపకము చేసికొనుటకు కారణము కలదు. కెఫీన్‌ను పొడిగాను, గాఢద్రవముగాను సంచులలో, సీసాలలో అమ్మువారు మన కాలమున బయలుదేరినారు. వాటిని బాలబాలికలకు అమ్మరాదని కొన్ని దేశములు, కొన్ని రాష్ట్రములు శాసనములు చేసినవి. ఈ శాసనముల వెనుక నున్న ప్రశ్నలన్నియు ఆ పీపాల వ్యాజ్యములోనే మొదటిసారి బహిరంగముగా చర్చకు వచ్చినవి.

కాఫీగింజలోని సారమును వేరుచేసిన కథ ఇంకను వెనుకటిది. 1819లో జర్మనీలోని యేనా పట్టణమున ఫ్రీడ్‌లీబ్ ఫెర్డినాండ్ రూంగె అను యువ రసాయనశాస్త్రజ్ఞుడు మహాకవి గేథేను దర్శించినాడు. ఒక విషపు మొక్క రసమును పిల్లి కంటిలో వేసి, కంటిపాప విప్పారుటను ఆయనకు చూపినాడు. గేథే మెచ్చుకొని, తన కడనున్న కాఫీగింజల పెట్టెను ఆ యువకుని చేతికిచ్చి, వీటిలో ఏమున్నదో పరీక్షింపుమని కోరినాడు. కొద్దికాలములోనే రూంగె వాటినుండి తెల్లని స్ఫటికములను వేరుచేయగలిగినాడు. దానికే తరువాత కెఫీన్ అని పేరు వచ్చినది. తేయాకులో దొరికిన పదార్థమును మొదట వేరొకటి అనుకొన్నారు గాని, 1838 నాటికి రెండును ఒకటే యని తేలినది.

ఈ శోధనవలన లోకమునకు కలిగిన మార్పు చిన్నది కాదు. అంతవరకు కెఫీన్‌ను మానవుడు గింజతోనో ఆకుతోనో కలిపియే పుచ్చుకొనుచుండెను. చేదు, వేడి, పరిమాణము, ఇవన్నియు అతనికి హద్దులు పెట్టినవి. ఇరువది కప్పుల కాఫీ ఒక్క గుక్కలో త్రాగగలవాడు ఎవడును లేడు. స్ఫటికము చేతికి వచ్చిన తరువాత ఆ హద్దులు తొలగినవి. దానిని దేనిలోనైనను, ఎంతయైనను కలుపవచ్చును.

అమెరికాలో సోడా దుకాణములు వీధివీధికిని వెలసిన కాలమున ఈ మార్పు ఒక సమస్యగా పరిణమించినది. 1906 జూన్ 30వ తేదీన అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ శుద్ధాహార ఔషధ చట్టము మీద సంతకము చేసినాడు. ఆ చట్టము కొరకు ఏండ్ల తరబడి పాటుపడినవాడు హార్వీ వాషింగ్టన్ వైలీ. వ్యవసాయ శాఖలోని రసాయన విభాగమునకు ఆయన అధిపతి. 1902లో కొందరు యువకులను స్వచ్ఛందముగా చేర్చుకొని, ఆహారమును నిలువచేయుటకు వాడు రసాయనములను వారికి భోజనముతో పెట్టి, ఫలితములను లెక్కకట్టిన పట్టుదల గలవాడు. పత్రికలవారు ఆ యువకులకు ‘విషదళము’ అని పేరు పెట్టినారు.

వైలీ వాదమును మన ఇండ్లలోని వాడుకతో పోల్చి చూచిన సులభముగా అర్థమగును. తెలుగునాట పెద్దలు ఉదయముననే చిక్కని డికాక్షన్‌తో కాఫీ త్రాగుచున్నను, పసిపిల్లవాడు అడిగినప్పుడు “నీకెందుకురా కాఫీ, పాలు త్రాగు” అనుట పరిపాటి. మరీ మారాము చేసిన, పాలలో నాలుగు చుక్కలు కలిపి ఇత్తురు. కాఫీలో ఏమున్నదో తల్లికి తెలియును గనుక ఆమె ఆపగలదు. తియ్యని, చల్లని సోడాలో అదే పదార్థమున్నదని ఆమెకు ఎవరు చెప్పుదురు? సీసా మీద ఆ మాట లేదు. అంగడివాడు అడుగడు, పిల్లవాడు చెప్పడు. వైలీకి కలిగిన ఆందోళన సరిగా ఇదియే. అమెరికాలోను తల్లిదండ్రులు పిల్లలకు కాఫీ టీలు దూరముగా ఉంచుచుండిరి. సోడా దుకాణములో మాత్రము కాసు ఇచ్చిన ప్రతి పిల్లవానికిని ఆ పానీయము లభించుచుండెను.

1911 మార్చిలో చటనూగాలో విచారణ జరిగినది. న్యాయమూర్తి ఎడ్వర్డ్ టెర్రీ శాన్‌ఫర్డ్. ఇరుపక్షముల నిపుణులును సాక్ష్యము చెప్పినారు గాని, వారు తెచ్చిన ప్రయోగములలో పెక్కు జంతువుల మీద చేసినవే. కెఫీన్ మనుష్యుని బుద్ధి మీద ఏమి పనిచేయునో కొలిచి చూచినవారు తక్కువ. అందువలన కంపెనీవారు హారీ హాలింగ్‌వర్త్ అను యువ మనస్తత్త్వ శాస్త్రజ్ఞుని ఆశ్రయించినారు. కంపెనీ సొమ్ముతో పరిశోధన చేసిన అపకీర్తి వచ్చునని ఆయన ఎరుగును. ఫలితము ఎట్లున్నను ప్రకటించు స్వేచ్ఛ తనకుండవలెననియు, దానిని వ్యాపార ప్రకటనలకు వాడరాదనియు షరతులు పెట్టి అంగీకరించినాడు. న్యూయార్కులో ఒక ఇల్లు అద్దెకు తీసికొని, తన భార్య లీటా సహాయముతో, 16 మంది మీద 40 దినములు పరీక్షలు జరిపినాడు. కొన్ని గొట్టములలో కెఫీన్, కొన్నింటిలో ఉత్త పాలచక్కెర నింపినాడు. దేనిలో ఏది యున్నదో పుచ్చుకొన్నవారికి గాని, కొలతలు తీసినవారికి గాని తెలియదు. ఇట్టి జాగ్రత్త ఆ కాలమునకు క్రొత్తది.

కొద్ది మోతాదులలో కెఫీన్ చురుకుదనమును పెంచుననియు, పెద్ద మోతాదులలో నిద్రకు భంగము కలిగించుననియు ఆయన తేల్చినాడు. కంపెనీకి ఇది అనుకూలమైన సాక్ష్యము. అయితే ఆయన ఇంటికి వచ్చిన ఆ 16 మందియు పెద్దవారే. వైలీ అడిగిన ప్రశ్న పిల్లలను గూర్చినది. దానికి ఆ 40 దినముల శ్రమ జవాబు చెప్పలేదు, చెప్పుటకు ఉద్దేశింపబడినదియు కాదు.

తీర్పు చివరకు శాస్త్రము మీద ఆధారపడలేదు. కెఫీన్ ఆ పానీయపు సూత్రములోనే ఉన్నది గనుక దానిని ‘చేర్చిన’ పదార్థమనరాదని శాన్‌ఫర్డ్ నిర్ణయించి, వ్యాజ్యమును కంపెనీ పక్షమున ముగించినాడు. ప్రభుత్వము పై న్యాయస్థానములకు పోయినది. 1916 మే 22వ తేదీన సుప్రీంకోర్టు ఈ తర్కమును త్రోసిపుచ్చినది. తీర్పు వ్రాసినవాడు చార్లెస్ ఎవాన్స్ హ్యూజ్. ఒక మిశ్రమమునకు ఇష్టమువచ్చిన పేరు పెట్టి, దాని సూత్రములో ఏ హానికర పదార్థమునైనను ఇమిడ్చి, అది చేర్చినది కాదని తప్పించుకొనుటకు వీలిచ్చిన చట్టమునకు అర్థమే యుండదని ఆయన భావము. కెఫీన్ హానికరమా కాదా యన్నది జ్యూరీ తేల్చవలసినదని వ్యాజ్యమును వెనుకకు పంపినారు. జ్యూరీ దానిని తేల్చు అవసరము రాలేదు. 1917లో కంపెనీ రాజీకి వచ్చినది. ఖర్చులు భరించి, పానీయములో కెఫీన్‌ను సుమారు సగమునకు తగ్గించినది.

ఈలోగా 1912లో మరియొక ప్రయత్నము జరిగినది. మార్ఫిన్, కొకెయిన్ మొదలగు అలవాటు పడు పదార్థముల పేర్లను సీసా మీద తప్పక వ్రాయవలెనని 1906 చట్టము విధించినది. ఆ పట్టికలో కెఫీన్‌ను కూడ చేర్చవలెనని ప్రతినిధుల సభలో బిల్లులు వచ్చినవి గాని నెగ్గలేదు. వైలీ ఆ ఏడే పదవి వదలినాడు. కావున ఎనిమిదేండ్ల వ్యాజ్యమునకు మిగిలిన ఫలము ఒక్క పానీయములో ఒక పరిమాణము తగ్గుట మాత్రమే. వయస్సును గూర్చి ఏ నియమమును ఏర్పడలేదు. తరువాతి కాలమున కోలా జాతి పానీయములలో కెఫీన్ పదివేలకు 2 పాళ్ల వరకు ఉండవచ్చునని అమెరికా నిబంధన ఒప్పుకొన్నది. నీటిలో ఇంత పలుచగా కలిసియున్నంత కాలము ప్రమాదము పెద్దగా కనబడలేదు.

1994లో అమెరికా చేసిన ఆహార పూరకముల చట్టము ఈ పరిస్థితిని మార్చినది. పూరకమను పేరుతో అమ్ము వస్తువును అంగడికి తెచ్చుటకు ముందు ప్రభుత్వానుమతి అవసరము లేకపోయినది. ఆ దారిన శుద్ధ కెఫీన్ పొడి సంచులలో ఇంటికి చేరసాగినది. దాని బలమెంతయో కొన్ని అంకెలవలన తెలియును. ఒక చిన్న చెంచాడు పొడిలో 3,200 మిల్లీగ్రాముల కెఫీన్ ఉండవచ్చును. అది సుమారు 28 కప్పుల కాఫీకి సమానము. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి దినమునకు 400 మిల్లీగ్రాములు మించరాదని అమెరికా ఆహార ఔషధ పాలనా సంస్థ చెప్పుచున్నది. పొడి వాడువారికి చెప్పు 200 మిల్లీగ్రాముల మోతాదు చెంచాలో పదునారవ వంతు. వంటింటి చెంచాతో పదునారవ వంతును కొలువగల చేయి ఎవరికున్నది? సుమారు 10 గ్రాములు, అనగా తులమునకు కొంచెము తక్కువ, పెద్దవారికే ప్రాణాంతకమని వైద్యులు చెప్పుదురు. అంతకు చాల ముందే గుండెదడ, వాంతులు, మూర్ఛ కలుగును.

2014లో అమెరికాలో ఇద్దరు యువకులు ఈ పొడివలన మరణించినారు. పాలనా సంస్థ ఆ వేసవిలోనే ప్రజలను హెచ్చరించినది, 2015లో 5 అమ్మకపు సంస్థలకు తాఖీదులు పంపినది. ఇలినాయ్ రాష్ట్రము 18 ఏండ్లలోపు వారికి ఈ పొడి అమ్మరాదని శాసించినది. అది 2016 జనవరి 1 నుండి అమలుకు వచ్చినది.

ఇచ్చట మనము ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. ఆ మరణించిన ఇద్దరును 18 ఏండ్లు నిండినవారే. వయస్సును మాత్రమే చూచు చట్టము వారిని కాపాడియుండదు. అందుచేత వయోనిబంధన వ్యర్థమనరాదు. తక్కువ బరువు గల దేహమునకు అదే మోతాదు ఎక్కువ విషమగును; పందెమునకు మ్రింగు తొందర బాల్యమునకు ఎక్కువ. కాని నిబంధన వయస్సుతో ఆగరాదు. పాలనా సంస్థ 2018 ఏప్రిల్‌లో ఈ రెండవ మెట్టును ఎక్కినది. శుద్ధమైన, గాఢమైన కెఫీన్‌ను రాశిగా నేరుగా వాడుకదారులకు అమ్మిన, కొనువాని వయస్సేదైనను అది కల్తీ సరకే యని ప్రకటించినది. ఈ సంస్థ వైలీ నడపిన రసాయన విభాగమునకు వారసురాలు. 1909లో పీపాల మీద మోపిన మాటనే, 109 ఏండ్ల తరువాత, సంచుల మీద మోపినది.

ఐరోపాలో నియమములు పానీయముల మీదుగా నడచినవి. 2014 నవంబరు 1 నుండి లిథువేనియా, 2016లో లాట్వియా, 2024 జనవరి 1 నుండి పోలెండు, 18 ఏండ్లలోపు వారికి శక్తిపానీయముల అమ్మకమును నిషేధించినవి. ఐరోపా ఆహార రక్షణ సంస్థ 2015లో పిల్లలకు కిలో బరువునకు దినమునకు 3 మిల్లీగ్రాముల లెక్క చెప్పినది. 30 కిలోల పిల్లవానికి అది 90 మిల్లీగ్రాములు.

మన దేశమున ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ 2016లో కెఫీన్ పానీయములకు ప్రమాణమును నిర్ణయించినది. లీటరుకు 145 నుండి 300 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చును. పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు తగదని సీసా మీద ముద్రింపవలెను. ఆ ప్రమాణము హెచ్చరికను కోరినదే గాని, కొనువాని వయస్సును అడుగవలసిన విధిని అంగడివాని మీద పెట్టలేదు. పై లెక్క ప్రకారము 300 మిల్లీగ్రాముల పానీయము అరలీటరు త్రాగిన 30 కిలోల పిల్లవాడు 150 మిల్లీగ్రాములు పుచ్చుకొన్నట్లు. అనగా తన హద్దును చాలవరకు దాటినాడు. అదే పిల్లవాని చేతికి చెంచాడు పొడి చిక్కిన, అది హద్దునకు 35 రెట్లు.

కాఫీని నిందించుట మా ఉద్దేశము కాదు. శతాబ్దములుగా మనుష్యులు దానిని కొలతతో త్రాగి సుఖపడినారు. ఆ కొలతను గింజయు, నీరును, పాలును, తల్లి మాటయు కలిసి కాపాడినవి. సారమును విడదీసి సంచిలో పోసినప్పుడు ఆ కాపుదల పోవును. దాని స్థానమున మూడు నిలువవలెనని ఈ చరిత్ర సూచించుచున్నది: పాలెంతయో చెప్పు చీటీ, గాఢతకు హద్దు, అమ్మకమునకు వయస్సు. వైలీ మొదటిదానికై పోరాడి ఓడినాడు, రెండవది రాజీలో సగము దొరికినది, మూడవది వచ్చుటకు నూరేండ్లు పట్టినది. మన శాసనకర్తలకు అంత కాలము తీసికొనవలసిన అగత్యము లేదు. పరీక్షల దినములలో రాత్రి మేలుకొనుటకు పిల్లలు ఏమి కొని తెచ్చుకొనుచున్నారో చూచుట, సీసా త్రిప్పి దాని వెనుక నున్న చిన్న అక్షరములను చదువుట, తల్లిదండ్రులును ఉపాధ్యాయులును ఈ దినముననే చేయగల పని.