ఇంటర్నెట్‌లో కంప్యూటర్ ఉద్యోగం వెతుక్కునే పిల్లలకు, తల్లిదండ్రులకు

మన బడిలో చదివి, ఆపైన డిప్లొమానో బీసీఏనో ఇంజినీరింగో ముగించి వేలూరు, గుడియాత్తం చుట్టుపక్కల ఇంట్లో ఉన్న పిల్లల కోసం ఈ వివరాలు. ఇంటర్నెట్‌లో ఉద్యోగ ప్రకటనలు కుప్పలుగా కనబడతాయి. అందులో ఏది నిజం, ఏది మనకు సరిపోతుంది అని తేల్చుకోవడమే అసలు పని.

ఎక్కడ వెతకాలి?
కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్‌లో పేరు నమోదు ఉచితం. తమిళనాడు ప్రభుత్వానికి ప్రైవేటు ఉద్యోగాల పోర్టల్ వేరుగా ఉంది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌చేంజిలో పేరు ఎక్కించినంత మాత్రాన ఇక్కడ కూడా ఎక్కినట్టు కాదు, గుర్తుంచుకోండి. ప్రైవేటు సైట్లలో నౌక్రీ 1997 నుంచి, లింక్డ్‌ఇన్ 2003 నుంచి నడుస్తున్నాయి. అనుభవం లేనివారు ఇంటర్న్‌శాల కూడా చూడొచ్చు. ప్రకటన ఎక్కడ కనబడినా, ఆ కంపెనీ సొంత వెబ్‌సైటులో అదే ఉద్యోగం ఉందా అని చూసి, వీలైతే అక్కడే దరఖాస్తు పెట్టండి.

ఇంటి నుంచా, ఆఫీసుకు వెళ్లా?
ప్రకటనలో ఆన్‌సైట్, హైబ్రిడ్, రిమోట్ అని మూడు మాటలుంటాయి. హైబ్రిడ్ అంటే వారంలో కొన్ని రోజులు ఆఫీసుకు పోవాలి. కాట్పాడి నుంచి రైల్లో చెన్నై సుమారు 130 కిలోమీటర్లు, బెంగళూరు 230. అంచేత ఏ ఊళ్లో ఆఫీసు, ఎన్ని రోజులు అని ముందే అడిగి, గది అద్దె, భోజనం ఖర్చు తీసేసి జీతం లెక్కగట్టండి. రిమోట్ అయితే శిక్షణకు ఆఫీసుకు రావాలా, కంప్యూటర్ ఎవరిస్తారు, పీఎఫ్ ఉందా లేక కాంట్రాక్టు పనా అని అడగండి. మొదటి ఉద్యోగమైతే, పక్కన కూర్చుని నేర్పే పెద్దలుండే ఆఫీసు మేలని నా అభిప్రాయం.

మూడు భాషలు మీ బలం
ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. ఇది మనకు మామూలు సంగతే గానీ కంపెనీలకు పనికొచ్చే విద్య. కస్టమర్ సపోర్ట్, యాప్‌లలోని మాటలను మన భాషల్లోకి మార్చే లోకలైజేషన్, మాటలు విని రాసిపెట్టే పనులు ఉంటాయి. బయోడేటాలో 'మాతృభాష తెలుగు' అని వదిలేయకండి. చదవడం, రాయడం, టైపింగ్ వచ్చునని విడివిడిగా రాయండి.

పేరు ఒకేలా ఉందా?
మన జిల్లాలో పేరు ముందు ఇనీషియల్ పెట్టుకుంటాం. పదో తరగతి మార్కుల పట్టీలో ఒక విధంగా, ఆధార్‌లో ఇంకో విధంగా, పాన్‌లో మరో విధంగా ఉంటే కంపెనీవాళ్లు సర్టిఫికెట్లు సరిచూసే వేళ చిక్కు వస్తుంది. ఇప్పుడే సరిచేయించుకోండి.

డబ్బు అడిగితే ఆగండి
రిజిస్ట్రేషన్, లాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అని ఏ పేరుతో డబ్బు అడిగినా అనుమానించండి. రేటింగ్ ఇస్తే డబ్బు అని వాట్సాప్, టెలిగ్రామ్‌లలో వచ్చేవి మొదట కొంచెం ఇచ్చి, తర్వాత పెద్ద మొత్తం లాగుతాయి. థాయ్‌లాండ్‌లో ఐటీ ఉద్యోగాలని నమ్మించి మన యువకులను మయన్మార్‌కు తరలించి నిర్బంధిస్తున్నారని 2022 సెప్టెంబరులో విదేశాంగ శాఖ హెచ్చరించింది. కంబోడియాకు పంపే ముఠాపై 2024లో విశాఖ పోలీసులు కేసులు పెట్టారు. విదేశీ ఉద్యోగమంటే ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడనిదే పాస్‌పోర్టు చేతికివ్వకండి.

మోసపోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఏ ప్రకటన మీదైనా సందేహముంటే, డబ్బు కట్టకముందే బడికి తెచ్చి చూపించండి, కలిసి చూద్దాం.

ప్రధానోపాధ్యాయులు