పాలీ ఫార్మర్: "ఆట మీ రక్తంలోనే ఉంది" అనే మాటకు ఒక నూంగార్ జవాబు



మన పిల్లలు పరుగు పందెంలో గెలిచినా, విలువిద్యలో మెడల్ తెచ్చినా ఒక మాట తప్పకుండా వినబడుతుంది. "అడవిలో పెరిగినోళ్ళు కదా, వాళ్ళకది రక్తంలోనే ఉంటది." అనేవాళ్ళు మెచ్చుకునే అంటారు. కానీ ఆ మెప్పుతోనే పొద్దున్నే లేచి చేసిన సాధన, ఓడిపోయి మళ్ళీ లెక్క వేసుకున్న ఆలోచన అంతా ఎగిరిపోతుంది. ఒళ్ళు మనదట, బుర్ర మాత్రం వేరే ఎవరిదోనట!

ఈ మాట మనకే కాదు, ఆస్ట్రేలియా ఆదివాసులకూ బాగా తెలుసు. అక్కడ ఫుట్‌బాల్ ఆడే ఆదివాసీ కుర్రాళ్ళను "మ్యాజిక్", "పుట్టుకతో వచ్చిన టాలెంట్" అని పొగుడుతూ వచ్చారు. ఆ మాటను తన ఆటతోనే తప్పని చూపించిన మనిషి గ్రాహమ్ ఫార్మర్. అందరూ పాలీ ఫార్మర్ అని పిలిచేవాళ్ళు. చిన్నప్పుడు చిలకలాగా గలగలా మాట్లాడేవాడని వచ్చిన పేరది.

ముందు ఆట సంగతి కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఆయన ఏం మార్చాడో అర్థం కాదు.

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ మనం చూసే ఫుట్‌బాల్ కాదు. మైదానం అండాకారం, బంతీ అండాకారమే. ఒక్కో జట్టుకు 18 మంది. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి బంతిని తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభాల మధ్య నుంచి పోతే 1 పాయింటే. బంతిని చేత్తో పట్టుకోవచ్చు, తన్నొచ్చు, కానీ విసరకూడదు. చేత్తో ఇవ్వాలంటే ఒక చేతిలో బంతి పెట్టుకుని రెండో చేతి పిడికిలితో కొట్టాలి. దీన్నే హ్యాండ్‌బాల్ అంటారు.

అప్పట్లో ఆట మొదలయ్యేటప్పుడు, గోల్ పడిన ప్రతిసారీ, అంపైర్ మైదానం మధ్యలో బంతిని నేలకేసి కొట్టేవాడు. అది పైకి లేచేది. రెండు జట్ల నుంచి ఒక్కో పొడుగాటి ఆటగాడు దాని కోసం ఎగురుతాడు. వీళ్ళే రక్‌మన్‌లు. కింద కాచుకుని ఉండే పొట్టి, చురుకైన ఆటగాడు రోవర్. రక్‌మన్ బంతిని తన రోవర్ చేతికి అందిస్తే దాడి మొదలైనట్టే. ఒక్క మ్యాచ్‌లో ఇలాంటి పోటీ ఎన్నోసార్లు జరుగుతుంది. కాబట్టి రక్ ఎవరిదైతే ఆటకు తాళం చెవి వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

ఇక మనిషి సంగతి. ఫార్మర్ 1935 మార్చి 10న పశ్చిమ ఆస్ట్రేలియాలో పుట్టాడు. తల్లి నూంగార్ మహిళ. నూంగార్లు ఆ రాష్ట్రపు నైరుతి నేలకు మూలవాసులు. పసితనంలోనే ఫార్మర్ పెర్త్‌లోని సిస్టర్ కేట్స్ హోమ్‌కు చేరాడు. ఆ హోమ్ 1933లో మొదలైంది. తెల్ల రంగు కలిసిన ఆదివాసీ పిల్లలను తెల్ల సమాజంలో కలిపేసి, తరాలు గడిచేకొద్దీ ఆదివాసీ గుర్తింపే లేకుండా చెయ్యాలనేది అప్పటి సర్కారు విధానం. దానికి ముఖ్య సూత్రధారి ఏ. ఓ. నెవిల్ అనే అధికారి. 1905 నాటి ఆబొరిజిన్స్ చట్టం ప్రకారం 16 ఏళ్ళలోపు ప్రతి ఆదివాసీ బిడ్డకూ చట్టబద్ధ సంరక్షకుడు కన్నతల్లి కాదు, చీఫ్ ప్రొటెక్టర్ అనే ఆ అధికారి. అలాంటి చట్టం కింద ఒక నూంగార్ తల్లి బిడ్డను "ఇచ్చింది" అన్నా, "తీసుకెళ్ళారు" అన్నా ఆ రెండిటి మధ్య ఎంత తేడా ఉంటుందో మీరే ఆలోచించండి.

దీన్ని మన ఆశ్రమ పాఠశాలలతో సమానం చెయ్యట్లేదు. మన హాస్టళ్ళల్లో ఎన్ని లోపాలున్నా సెలవులకు ఇంటికొస్తాం, మన అమ్మ ఎవరో మనకు తెలుసు. అక్కడ చాలామంది పిల్లలకు అదీ మిగల్లేదు. వాళ్ళనే "ఎత్తుకుపోయిన తరాలు" అంటారు. ఆస్ట్రేలియా పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పడానికి 2008 ఫిబ్రవరి 13 దాకా పట్టింది.

ఫార్మర్‌కు చిన్నతనంలో పోలియో వచ్చి ఒక కాలు రెండోదాని కంటే కొంచెం పొట్టిగా ఉండిపోయింది. ఎత్తు 191 సెంటీమీటర్లు. రక్‌మన్‌కు అది మంచి ఎత్తే కానీ, ఎత్తొక్కటే సరిపోయే ఆట కాదిది. "రక్తంలో ఉంది" అనేవాళ్ళు ఈ పొట్టి కాలు సంగతి ఎక్కడ పెడతారో!

1953లో ఆయన ఈస్ట్ పెర్త్ జట్టులోకి వచ్చాడు. ఇక్కడొక విషయం గుర్తుపెట్టుకోండి. 1927 నుంచి 1954 వరకు పెర్త్ నగర మధ్యభాగం ఆదివాసులకు నిషిద్ధ ప్రాంతం. పాస్ లేకుండా అడుగు పెట్టకూడదు. ఆయన ఆడటం మొదలుపెట్టేనాటికి ఆ నిషేధం ఇంకా అమల్లోనే ఉంది. ఒక నూంగార్ యువకుడికి నగరం చప్పట్లు కొడుతోంది, అదే నగరం అతని బంధువులను పాస్ ఏదని అడుగుతోంది.

ఇంతకూ ఆయన చేసిందేమిటి? మూడు పనులు.

ఒకటి, ఎగిరే సమయం. మామూలు రక్‌మన్ ప్రత్యర్థితో పాటే ఎగిరేవాడు. ఫార్మర్ ఒక్క క్షణం ముందే లేచేవాడు. తర్వాత ఎగిరిన ప్రత్యర్థి ఒంటినే ఆసరా చేసుకుని ఇంకా పైన నిలబడేవాడు. అవతలివాడి బలం ఈయనకు నిచ్చెన అయ్యేది.

రెండు, బంతిని ఎక్కడికో గుద్దకుండా, అరచేత్తో రోవర్ పరిగెత్తే దారిలోకి వదలడం. దీనికి రోవర్‌తో లెక్క కుదరాలి. తర్వాత జీలాంగ్ జట్టులో బిల్లీ గాగిన్ అనే రోవర్‌తో ఆయన జోడీ ఈ పనికే పేరు పడింది.

మూడు, అన్నిటికంటే పెద్దది, హ్యాండ్‌బాల్. అప్పటిదాకా దాన్ని చిక్కులో పడ్డప్పుడు తప్పించుకునే దారిగానే చూసేవాళ్ళు. వీలుంటే తన్నాలి, వీల్లేకపోతేనే చేత్తో ఇవ్వాలి. ఫార్మర్ దాన్ని దాడికి ఆయుధం చేశాడు. రక్‌లో బంతి అందుకుని, గాల్లోనే ఒళ్ళు తిప్పి, దూరంగా పరిగెత్తుతున్న తోటివాడి ముందుకు పిడికిలితో పంపేవాడు. ఆగి తన్నేలోపు ప్రత్యర్థి సర్దుకుంటాడు. ఇలా చేస్తే సర్దుకునే టైమే ఉండదు. ఇది ఊరికే రాలేదు. కారు కిటికీ అద్దం కొంచెం దించి, ఆ సందులోంచి బంతిని కొట్టడం గంటల తరబడి ప్రాక్టీస్ చేసేవాడని ఆయన గురించి చెప్పేవాళ్ళందరూ చెబుతారు. సందు తప్పితే బంతి తలుపుకు తగిలి వెనక్కొస్తుంది, మళ్ళీ మొదలు.

ఫలితాలు చూడండి. ఈస్ట్ పెర్త్‌కు 1956, 1958, 1959లో ట్రోఫీలు. లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే సాండోవర్ మెడల్ 1956లోనూ, 1960లోనూ. 1957లో ఓట్లు సమానంగా వచ్చినా టై తెంచే నిబంధన వల్ల మెడల్ ఇంకొకరికి పోయింది. నలభై ఏళ్ళ తర్వాత, 1997లో, ఆ మెడల్ కూడా ఆయనకిచ్చారు.

మరి ఆయన్ని ఎవరూ ఆపలేదా? ఆపారు. 1961 ఫైనల్లో స్వాన్ డిస్ట్రిక్ట్స్ జట్టు కెప్టెన్, కోచ్ అయిన హేడన్ బంటన్ జూనియర్ ఫార్మర్ కోసమే ప్రత్యేకంగా ఒక పథకం వేశాడు. కీత్ స్లేటర్, ఫ్రెడ్ కాసిల్‌డీన్ అనే ఇద్దరు రక్‌మన్‌లను ఒక్క ఫార్మర్ మీదకు వాడాడు. ఈ స్లేటర్ 1959లో ఆస్ట్రేలియాకు ఒక క్రికెట్ టెస్ట్ కూడా ఆడాడు. పథకం పారింది, స్వాన్ డిస్ట్రిక్ట్స్ తన మొదటి ట్రోఫీ గెలిచింది. నా దృష్టిలో ఈ ఓటమి ఆయన గెలుపులంత ముఖ్యమైన సాక్ష్యం. రక్తంలో ఉన్నదాని మీద ఎవరూ పథకం వెయ్యరు. ఎదుటివాడి పద్ధతిని చదివి, దానికి ఎదురు పద్ధతి తయారుచేస్తారు. ఫార్మర్ ఆట ఒక ఆలోచన అని ముందుగా ఒప్పుకున్నది ఆయన ప్రత్యర్థులే.

1962లో ఆయన విక్టోరియా లీగ్‌లోని జీలాంగ్‌కు వెళ్ళాడు. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు దెబ్బతింది. ఆ సీజన్ దాదాపు అంతా పోయింది. ఫామ్ పోయిందని, ఇక్కడి ఆట స్థాయికి సరిపోడని అనడానికి ఎవరికైనా సందు దొరికేది. మరుసటి ఏడాదికే మళ్ళీ తన పద్ధతికి వచ్చాడు. 1963 ఫైనల్లో జీలాంగ్ 109–60తో హాథార్న్‌ను ఓడించింది. ఆ రోజు రక్ ఆయనదే. బ్రౌన్‌లో మెడల్‌లో ఆ ఏడాది రెండో స్థానం. 1965 నుంచి 1967 దాకా జట్టు కెప్టెన్ కూడా. ఆ తర్వాత జీలాంగ్ మళ్ళీ ట్రోఫీ ఎత్తడానికి 2007 దాకా ఆగాల్సి వచ్చింది.

ఫామ్ గురించి మనం వాతావరణం లాగా మాట్లాడతాం, వస్తది పోతది అని. ఫార్మర్ లాంటివాళ్ళను చూస్తే అర్థమయ్యేది వేరు. ఒంట్లో దూకుడు తగ్గినప్పుడు కూడా పద్ధతి నిలబడుతుంది. 1968లో వెస్ట్ పెర్త్‌కు కెప్టెన్‌గా, కోచ్‌గా వెళ్ళి 1969లో, మళ్ళీ 1971లో ట్రోఫీ గెలిపించాడు. రెండుసార్లూ ఓడింది తన పాత జట్టు ఈస్ట్ పెర్త్! అప్పటికి ఆయన వయసు 36. మూడు క్లబ్బులకు కలిపి 356 మ్యాచ్‌లు.

ఆలోచన అన్నాక అది ఒక మనిషితో ఆగదు. 1970లో మెల్‌బోర్న్‌లో జరిగిన ఫైనల్లో కార్ల్‌టన్ జట్టు సగం ఆటకు 44 పాయింట్లు వెనకపడింది. విరామంలో కోచ్ రాన్ బరాసీ చెప్పిందొక్కటే, హ్యాండ్‌బాల్‌తో ఆడండి. 10 పాయింట్లతో గెలిచారు. ఆ రోజు కార్ల్‌టన్‌కు ఆడినవాళ్ళలో సిడ్ జాక్సన్ ఉన్నాడు. ఆయనా ఆదివాసీయే, చిన్నప్పుడే కుటుంబం నుంచి వేరుచేసి మిషన్‌లో పెంచారు, ఆయనా ఈస్ట్ పెర్త్‌లో ఆడి వచ్చినవాడే. ఇప్పుడు ఆ ఆటలో హ్యాండ్‌బాల్ లేని దాడే కనబడదు.

1973 నుంచి 1975 దాకా జీలాంగ్‌కు కోచ్‌గా చేశాడు. విక్టోరియా లీగ్‌లో కోచ్ అయిన మొదటి ఆదివాసీ ఆయనే. ఆ మూడేళ్ళలో ఫలితాలు గొప్పగా రాలేదు, దాచాల్సిన పనేం లేదు. కానీ 1977లో పుట్టిన రాష్ట్రాన్ని బట్టి జట్లు కట్టే మొదటి పోటీ జరిగినప్పుడు పశ్చిమ ఆస్ట్రేలియా జట్టుకు కోచ్ ఆయనే. విక్టోరియాను 94 పాయింట్ల తేడాతో చిత్తు చేశారు.

గౌరవాలు కూడా వచ్చాయి. 1996లో శతాబ్దపు జట్టులో రక్‌మన్ స్థానం ఆయనది. 2005లో ప్రకటించిన ఆదివాసీ శతాబ్దపు జట్టుకు కెప్టెన్ ఆయన. 2000లో పెర్త్‌లో ఒక పెద్ద రహదారి తెరిచి గ్రాహమ్ ఫార్మర్ ఫ్రీవే అని పేరు పెట్టారు. ఒకప్పుడు ఆయనవాళ్ళు పాస్ లేకుండా నడవకూడని నగరంలోనే ఈ రోడ్డు. ఆయన పేరున ఉన్న ఫౌండేషన్ ఆదివాసీ పిల్లల చదువుకు సాయం చేస్తుంది. మైదానంలో ఇంత పేరు తెచ్చుకున్న మనిషి పేరు మీద నడిచే సంస్థ బడి పిల్లల మీద దృష్టి పెట్టడం మనం గమనించాల్సిన విషయం.

చివరి ఏళ్ళలో ఆయన్ని అల్జీమర్స్ పట్టుకుంది. 2019 ఆగస్టు 14న, 84 ఏళ్ళ వయసులో చనిపోయాడు. తర్వాత మెదడును పరీక్షించిన డాక్టర్లు తలకు పదే పదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే జబ్బును కనిపెట్టారు. ఈ ఆటలో ఆ జబ్బు నిర్ధారణ అయిన మొదటి ఆటగాడు ఆయనే. 2020లో ఆ సంగతి బయటికొచ్చాక తల దెబ్బల మీద అక్కడ చర్చ ఇంకా గట్టిపడింది. అందరూ ఒళ్ళునే పొగిడిన మనిషి, నిజానికి ఆటకు ఇచ్చింది తన మెదడును. చివరికి ఆట తీసుకుంది కూడా దాన్నే. ఇంతకంటే బాధాకరమైన లెక్క నాకు తెలియదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో స్పోర్ట్స్ స్కూళ్ళల్లో ఉన్నవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండు మాటలు. తలకు దెబ్బ తగిలితే "ఏం కాదులే, గట్టోళ్ళం" అని మళ్ళీ గ్రౌండులోకి దిగొద్దు, డాక్టర్‌కు చూపించుకోండి. ఇంకొకటి, మీ సాధనను రాసిపెట్టుకోండి. ఏ రోజు ఎన్ని గంటలు, ఏ తప్పు, ఎలా దిద్దుకున్నారు అన్నీ. రేపు మీరు గెలిచాక ఎవరైనా వచ్చి "రక్తంలోనే ఉంది" అంటే ఆ నోట్‌బుక్ తీసి చేతిలో పెట్టండి, చదువుకుంటారు.